యవ్వనపు సూదికి స్తోత్రం

ఓ సెర్మోరెలిన్, ఇది నీకు రాస్తున్న స్తోత్రం. అమెరికాలో ఏభై దాటిన ఆడా మగా ఎందరో రాత్రి పడుకోబోయే ముందు ఫ్రిజ్ తెరిచి, చిన్న సీసాలోంచి నిన్ను ఇన్సులిన్ సిరంజిలోకి లాగి, పొట్ట మీది చర్మం పట్టుకుని గుచ్చుకుంటున్నారు. వాళ్ళ దగ్గర డాక్టరు చీటీ ఉంది, రక్తపరీక్ష కాగితం ఉంది, నెలనెలా క్రెడిట్ కార్డు మీద పడే బిల్లూ ఉంది. వాళ్ళకి చెప్పిన మాట ఇది: వయసుతో తగ్గిన గ్రోత్ హార్మోన్‌ని నువ్వు మళ్ళీ పెంచుతావు, దాని వెంట కండ, నిద్ర, చర్మపు నిగారింపు, ఉత్సాహం అన్నీ తిరిగొస్తాయి.

నీలో పొగడదగ్గవి చాలా ఉన్నాయి. ఒక్కటీ దాచను, ఒక్కటీ పెంచి చెప్పను. నీ గుణాలన్నీ ఉన్నవున్నట్టు వరసగా చెబితే చాలు, నిన్ను వయసు తగ్గించే మందుగా అమ్ముతున్నవాళ్ళకి అవే తగులుతాయి. వేరే నింద వెతుక్కోవాల్సిన పని నాకు లేదు.

ముందు నీ పుట్టుకకి నమస్కారం. పీయూష గ్రంథికి పైనుంచి ఆజ్ఞలిచ్చే హార్మోన్ల వేటలో రోజర్ గిల్లెమిన్ జీవితమంతా గడిపాడు. మెదడులోని అలాంటి హార్మోన్లను పట్టుకున్నందుకు 1977లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నాడు. గ్రోత్ హార్మోన్‌ని విడుదల చేయించే హార్మోన్ మాత్రం అప్పటికింకా దొరకలేదు. అది 1982లో బయటపడింది. కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో గిల్లెమిన్ బృందమూ, వైలీ వేల్, జాన్ రివియర్‌ల బృందమూ విడివిడిగా దాన్ని పట్టుకున్నాయి. అది దొరికింది మెదడులో కాదు, అక్రోమెగలీ రోగుల పాంక్రియాస్ కణితుల్లో. 44 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో మొదటి 29 ఉంటే చాలు, పని జరిగిపోతుందని తేలింది. ఆ 29 కలిస్తే నువ్వు.

నువ్వు ఏ రోగుల ఒంట్లోంచి లోకానికి తెలిశావో ఆ రోగుల్ని ఒకసారి తలుచుకోవాలి. అక్రోమెగలీ అంటే ఎదిగిన మనిషికి గ్రోత్ హార్మోన్ మితిమీరడం. చేతులు, పాదాలు, దవడ పెరుగుతూ పోతాయి. కీళ్ళు అరుగుతాయి, షుగరు వస్తుంది, గుండె కండ మందమై బలహీనపడుతుంది, నిద్రలో ఊపిరి ఆగుతూ ఉంటుంది. సరైన వైద్యం అందకపోతే ఆయుష్షు తగ్గుతుంది. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే యవ్వనం వస్తుందని చెప్పేవాళ్ళు ముందుగా చూడాల్సింది ఈ రోగుల్నే. నీ జన్మకథ ఇంత స్పష్టంగా హెచ్చరిస్తోంది. నిన్ను అమ్మేవాళ్ళ ప్రకటనల్లో ఆ కథ కనబడదు.

రెండో నమస్కారం నీ వినయానికి. నీకు ముందు వచ్చిన మందులకి ఇది లేదు. ఒకప్పుడు ఎదగని పిల్లలకి శవాల పీయూష గ్రంథుల నుంచి తీసిన హార్మోన్ ఎక్కించేవారు. దాని ద్వారా క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకబ్ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బు సోకిందని తెలిసి, 1985లో అమెరికా దాన్ని ఆపేసింది. అదే ఏడాది జన్యు ఇంజనీరింగ్‌తో తయారైన హార్మోన్ వచ్చింది. అది శుభ్రమైనదే. కాని దాన్ని నేరుగా ఒంట్లోకి ఎక్కిస్తే ఎంత చాలో చెప్పే అవకాశం శరీరానికి ఉండదు. నీ దారి వేరు. నువ్వు పీయూష గ్రంథిని అడుగుతావు. దాని దగ్గర నిలవ ఉన్నదాన్ని అది విడుదల చేస్తుంది. ఇక చాలనిపిస్తే సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోన్ వచ్చి ఆపుతుంది, నువ్వు ఆ ఆజ్ఞకి లోబడతావు. రక్తంలో నీ సగభాగం పది పన్నెండు నిమిషాల్లోనే కరిగిపోతుంది. శరీరం మాట వినే మందులు తక్కువ, వాటిలో నువ్వొకటి.

ఈ వినయాన్నే నిన్ను అమ్మేవాళ్ళు పెట్టుబడి చేసుకున్నారు. నువ్వు శరీరం చేతే పని చేయిస్తావు కాబట్టి ఇది సహజమైన వైద్యమని, సహజమైనది కాబట్టి హాని లేదని చెబుతున్నారు. మొదటి మాట సగం నిజం, రెండోది దాని నుంచి రాదు. నువ్వు అడిగి తెప్పించినా, సూదితో నేరుగా ఎక్కించినా రక్తంలో చేరేది అదే 191 అమైనో ఆమ్లాల గ్రోత్ హార్మోన్. దాని మాట మీద కాలేయం తయారు చేసే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కూడా అదే. కణాల్ని పెరగమని చెప్పడం దాని పని. పెరగాల్సిన కణమేదో పెరగకూడని కణమేదో అది విడదీసి చూడదు. ఏభై అయిదేళ్ళ ఒంట్లో ఎక్కడో నిద్రపోతున్న చిన్న కణితికి ఆ మాట వినబడకూడదని మనం కోరుకోగలం, హామీ ఇవ్వలేం.

మూడో నమస్కారం నువ్వు చేసిన సేవకి. పీయూష గ్రంథి పని చేస్తోందో లేదో తేల్చే పరీక్షకి నువ్వు ఉపయోగపడ్డావు. 1997లో జెరెఫ్ అన్న పేరుతో, గ్రోత్ హార్మోన్ లోపం వల్ల ఎదగని పిల్లల వైద్యానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నీకు అనుమతి ఇచ్చింది. 2008లో తయారీదారు నీ తయారీ ఆపేశాడు. నీ భద్రతలోనో పనితీరులోనో లోపం ఉండి ఆపలేదని ఆ తర్వాత ఎఫ్‌డీఏ స్వయంగా రాసింది. అంతటి యోగ్యతాపత్రం అన్ని మందులకీ దొరకదు.

ఆ పత్రంలో ఏముందో జాగ్రత్తగా చదవాలి. అది ఎదగని పిల్లల గురించి రాసింది. నడుం నొప్పితో, నిద్రలేమితో, జుట్టు పలచబడిన దిగులుతో క్లినిక్ మెట్లెక్కే యాభై ఏళ్ళ మనిషి గురించి అందులో ఒక్క అక్షరం లేదు. ఎదగాల్సిన బిడ్డకి హార్మోన్ లేకపోవడం జబ్బు. పీయూష గ్రంథి మీద కణితి వచ్చి శస్త్రచికిత్స అయిన పెద్దవాళ్ళకి హార్మోన్ రాకపోవడమూ జబ్బే, వాళ్ళకి వైద్యం అవసరం, అది అందాలి కూడా. వయసుతో హార్మోన్ తగ్గడం మాత్రం అందరికీ జరిగేది. ముప్ఫై దాటాక పదేళ్ళకి సుమారు 14 శాతం చొప్పున తగ్గుతుందని లెక్క. అందరికీ వచ్చేదాన్ని జబ్బు అని పిలిస్తే అందరూ రోగులవుతారు, రోగులు అంతమందైతే వ్యాపారం బాగుంటుంది. పిల్లల కోసం నువ్వు సంపాదించుకున్న మంచిపేరుని పెద్దవాళ్ళ భయం మీద పెట్టి అమ్మడం నీకు జరుగుతున్న మొదటి అవమానం.

నాలుగో పొగడ్త నీ వంశానికి చెందుతుంది. త్రాసు మీద మీ వంశం గెలుస్తుంది, అది నిజం. 1990 జులైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డేనియల్ రడ్మన్ బృందం ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించింది. 61 నుంచి 81 ఏళ్ళ మగవాళ్ళు 21 మంది. వాళ్ళలో 12 మందికి ఆర్నెల్లు గ్రోత్ హార్మోన్ ఇచ్చారు. కొవ్వు కాని శరీర బరువు 8.8 శాతం పెరిగింది, కొవ్వు 14.4 శాతం తగ్గింది. ఈ రెండు అంకెల మీద ఒక పరిశ్రమే లేచింది. ఆ పరిశ్రమ ప్రకటనల్లో ఆ వ్యాసం ఎంతగా దుర్వినియోగమైందంటే, 2003లో ఆ పత్రిక సంపాదకుడే కలం పట్టి, ఆ వ్యాసాన్ని చూపించి జనానికి అమ్మడం సరికాదని రాయాల్సి వచ్చింది.

కండ పెరిగితే బలం పెరగాలి కదా అని జనం అనుకోవడం సహజం. అది నిజమో కాదో తేల్చడానికి వైద్యులు పరీక్షలు చేశారు. 1996లో 69 ఏళ్ళు దాటిన 52 మంది మగవాళ్ళకి ఆర్నెల్లు హార్మోన్‌గానీ ఉత్తి సూదిగానీ ఇచ్చి చూశారు. హార్మోన్ తీసుకున్నవాళ్ళ కండ పెరిగింది, కొవ్వు తగ్గింది. పనులు చేసుకునే శక్తి మాత్రం పెరగలేదు. 2007లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూశారు. సగటున రెండు కిలోల కొవ్వు పోయి, ఇంచుమించు రెండు కిలోల కొవ్వు కాని బరువు చేరింది. దానితోపాటు కాళ్ళ వాపులు, కీళ్ళనొప్పులు, మణికట్టులో నరం నొక్కుకుపోవడం, మగవాళ్ళలో రొమ్ములు పెరగడం, షుగరు హద్దు దాటడం ఎక్కువగా కనబడ్డాయి. వయసు మందుగా దీన్ని వాడమని చెప్పలేమని వాళ్ళు తేల్చారు.

ఇవన్నీ నేరుగా హార్మోన్ ఎక్కించిన పరీక్షలు, నీలాగా అడిగి తెప్పించే మందుల లెక్క వేరు అని నీ పక్షాన ఎవరైనా అనొచ్చు. న్యాయమైన మాటే. అందుకు నీ బంధువర్గంలోని ఐబుటమోరెన్ కథ ఉంది. అది నీలా అమైనో ఆమ్లాల గొలుసు (పెప్టైడ్) కాదు, నోటితో మింగే మాత్ర. కాని నీలాగే పీయూష గ్రంథి చేతే హార్మోన్ విడుదల చేయిస్తుంది. 60 నుంచి 81 ఏళ్ళ ఆరోగ్యవంతులు 65 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. ఏడాది తిరిగేసరికి మందు వేసుకున్నవాళ్ళకి కొవ్వు కాని బరువు 1.1 కిలోలు పెరిగింది, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి అర కిలో తగ్గింది. హార్మోన్ స్థాయి పడుచు వయసులో ఉన్నంతకి చేరింది. బలం పెరగలేదు, పనితీరు మెరుగుపడలేదు. పరగడుపు షుగరు మాత్రం పెరిగింది, ఇన్సులిన్ పట్టు తగ్గింది. తుంటి ఎముక విరిగిన వృద్ధుల్లో అదే మందుతో చేసిన మరో పరీక్షని, గుండె వైఫల్యం అనుమానంతో మధ్యలోనే ఆపేశారు.

నీ సొంత పేరు మీద ఉన్న రుజువు ఇంతకంటే చిన్నది. నీ 29 అమైనో ఆమ్లాల గొలుసుని వయసు మళ్ళిన కొద్దిమంది మగవాళ్ళకి 14 రోజులు ఇస్తే హార్మోన్ స్థాయి పడుచువాళ్ళ స్థాయికి వచ్చిందని 1992లో తేలింది. పదహారు వారాలు, ఆర్నెల్లు సాగిన చిన్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. నువ్వు హార్మోన్‌ని పెంచగలవని అవి చూపించాయి, నేను ఒప్పుకుంటాను. కాని నీ సీసా మీద ఆధారపడి ఏళ్ళ తరబడి గుచ్చుకునే మనిషికి పడిపోవడాలు తగ్గుతాయా, ఎముకలు విరగడం తగ్గుతుందా, ఆయుష్షు పెరుగుతుందా, క్యాన్సర్ రాకుండా ఉంటుందా అని అడిగితే జవాబు చెప్పగల పెద్ద పరీక్ష ఒక్కటీ లేదు. వారాల రుజువు చూపించి ఏళ్ళ చందా కట్టిస్తున్నారు.

అయిదో పొగడ్త నీ చెల్లెలు టెసమోరెలిన్‌కి. మీ ఇంట్లో ఆమెది సత్యవాక్కు. హెచ్ఐవీ మందుల వల్ల పొట్టలోపల కొవ్వు పేరుకుపోయినవాళ్ళ కోసం 2010లో ఎగ్రిఫ్టా పేరుతో ఆమెకి అనుమతి వచ్చింది. 26 వారాల్లో ఆ లోపలి కొవ్వుని 15 శాతం తగ్గించి చూపించింది. తన పనేమిటో, తన హద్దేమిటో ఆమె పెట్టెలోని కాగితంలోనే ఉంది: బరువు తగ్గడానికి నన్ను వాడకండి, క్యాన్సర్ ఉన్నవాళ్ళకి నన్ను ఇవ్వకండి, గర్భిణులకి ఇవ్వకండి, షుగరు కనిపెట్టుకుని ఉండండి, ఎక్కువకాలం వాడితే గుండెకి ఏమవుతుందో తేలలేదు. మందు ఆపితే పోయిన కొవ్వు తిరిగొస్తుందని కూడా పరీక్షల్లోనే బయటపడింది. 2012లో 152 మంది మీద 20 వారాలు చేసిన మరో పరీక్షలో ఆమె వల్ల పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి పరీక్షల్లో కొంత మెరుగుదల కనిపించింది. ఆ దారిలో ఇంకా పెద్ద పరీక్షలు జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అనుమతి పొందిన మందు ఇన్ని షరతులు తన నోటితో చెప్పుకుంటుంటే, వయసు వైద్యం పేరుతో నిన్ను అమ్మే చోట షరతులన్నీ మాయమై వరాలు మాత్రమే మిగలడం ఏం న్యాయం?

షుగరు మాట మన తెలుగువాళ్ళు మరింత శ్రద్ధగా వినాలి. డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో స్థిరపడి ఏభైల్లోకి అడుగుపెట్టిన మనవాళ్ళు ఎందరో ఉన్నారు. దక్షిణాసియా ఒంటికి షుగరు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మిగతావాళ్ళకి బీఎంఐ 25 దగ్గర షుగరు పరీక్ష మొదలుపెట్టమంటే, ఆసియా మూలాలున్నవాళ్ళకి 23 దగ్గరే మొదలుపెట్టమంటుంది. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కి ఎదురు పనిచేస్తుంది. అమ్మకో నాన్నకో షుగరున్న మనిషి, తన ఫాస్టింగ్ షుగరు అంచు మీద ఉండగా, కండ కోసం ఈ సూది పొడుచుకోవడం అంటే ఒంట్లో ఉన్న అసలు ముప్పుని తానే పిలుచుకోవడం.

ఆరో పొగడ్త నీకు కాదు, నిన్ను అమ్మేవాళ్ళ చదువుకి. వాళ్ళు చట్టాన్ని అక్షరం అక్షరం చదివారు. అమెరికాలో 1990 నాటి చట్టం ప్రకారం, ప్రభుత్వం ఆమోదించిన జబ్బులకి తప్ప మనిషి గ్రోత్ హార్మోన్‌ని పంచిపెట్టడం నేరం, అయిదేళ్ళ దాకా జైలు. వయసు తగ్గించడం ఆ ఆమోదించిన జబ్బుల్లో లేదు. ఆ చట్టం హార్మోన్ పేరు చెప్పింది, హార్మోన్‌ని విడుదల చేయించే నీ పేరు చెప్పలేదు. పైగా నువ్వు ఒకప్పుడు అనుమతి పొందిన మందువి, భద్రత లోపం వల్ల తీసేసినదానివి కావు. కాబట్టి డాక్టరు చీటీ మీద కాంపౌండింగ్ ఫార్మసీ నిన్ను కలిపి ఇవ్వొచ్చు. పెద్ద తలుపుకి తాళం పడితే పక్కవాకిలి ఎక్కడుందో వెతికి పట్టుకున్న తెలివి వాళ్ళది. ఆ తెలివిలో సగం ఒక సరైన పరీక్ష జరిపించడం మీద పెట్టి ఉంటే, నీ గురించి ఈపాటికి నిజం తెలిసేది.

కాంపౌండింగ్ ఫార్మసీలు చేసే మేలు నాకు తెలుసు. మాత్ర మింగలేని పిల్లాడికి ద్రవంగా కలిపి ఇవ్వడం, ఒక రసాయనం పడనివాళ్ళకి అది లేకుండా తయారు చేయడం వాటి అసలు పని. అలా కలిపిన మందు పనిచేస్తుందో లేదో, శుభ్రంగా ఉందో లేదో ఎఫ్‌డీఏ ముందుగా చూసి అనుమతించదు. 2012లో మసాచుసెట్స్‌లోని ఒక కాంపౌండింగ్ ఫార్మసీ తయారు చేసిన వెన్ను ఇంజెక్షన్లలో బూజు చేరి, వందలమందికి మెదడు పొరల వాపు వచ్చింది. అరవైమందికి పైగా చనిపోయారు. నొప్పి తగ్గుతుందని సూది వేయించుకున్నవాళ్ళు వాళ్ళు. 2023లో ఎఫ్‌డీఏ, నీ పేరు పక్కన తరచూ కలిపి అమ్మే ఐపామొరెలిన్‌నీ, సీజేసీ-1295నీ, ఫార్మసీలో కలిపి ఇస్తే భద్రతకి పెద్ద ముప్పు రావచ్చన్న వర్గంలో చేర్చింది. నీ పేరు ఆ జాబితాలో లేదు, అది నీ గౌరవం. కాని నీ మంచిపేరు చూపించి నీ పక్కనే వాటినీ కూర్చోబెట్టి అమ్మారు.

ఇంతకీ తగ్గిన హార్మోన్‌ని పెంచడం మంచిదేనా? ఈ ప్రశ్నకి ఆ హార్మోన్ పనిచేయకపోవడమే ఒక జవాబు ఇచ్చింది. ఈక్వెడార్ దక్షిణాన లోహా రాష్ట్రపు కొండల్లో లారన్ సిండ్రోమ్ ఉన్న జనం ఉన్నారు. వాళ్ళ కణాలు గ్రోత్ హార్మోన్ మాట వినవు, అందుకే పొట్టిగా ఉంటారు. హైమె గెవారా-అగిర్రె అనే వైద్యుడు సుమారు వందమందిని ఇరవై ఏళ్ళకి పైగా గమనించి, 2011లో వాల్టర్ లోంగో తదితరులతో కలిసి ఫలితాలు ప్రకటించాడు. వాళ్ళలో ఒక్కరికీ షుగరు రాలేదు. ప్రాణం తీయని క్యాన్సర్ ఒక్కటి తప్ప క్యాన్సర్లు కనబడలేదు. అదే ఊళ్ళల్లో ఉన్న వాళ్ళ మామూలు ఎత్తు బంధువులకి మాత్రం అవి రెండూ వచ్చాయి. ప్రమాదాలు, ఇతర కారణాల వల్ల ఆ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ ఆయుష్షు ఎక్కువేమీ కాదు, దాన్నీ చెప్పాలి. ఎలుకల్లో అయితే గ్రోత్ హార్మోన్ పుట్టుకతోనే లేని ఏమ్స్ పొట్టి ఎలుకలు తోటి ఎలుకలకంటే సుమారు సగం ఎక్కువ కాలం బతుకుతాయని 1996లోనే తేలింది. వయసుతో ఈ హార్మోన్ తగ్గడం మనం బాగు చేయాల్సిన లోపం కాకపోవచ్చు, పెరిగే పని అయిపోయిన దేహం తనను తాను కాచుకునే పద్ధతే కావచ్చు. ఈ అవకాశం తేలకముందే ఆ కాపలాని తొలగించమని డబ్బు తీసుకుంటున్నారు.

నీ దగ్గరికి వచ్చేవాళ్ళని నేను తప్పుపట్టను. వయసు మీద పడుతుంటే భయం అందరికీ ఉంటుంది. 1889లో పారిస్‌లో షార్ల్ ఎడువార్ బ్రౌన్-సెకార్ అనే పెద్ద శాస్త్రవేత్త, 72 ఏళ్ళ వయసులో, కుక్కల, గినీ పందుల వృషణాల రసం తన ఒంట్లోకే ఎక్కించుకుని, బలం తిరిగొచ్చిందని పండితుల సభలో ప్రకటించాడు. ఆ రసంలో బలాన్నిచ్చే హార్మోన్ చాలినంత ఉండే వీలు లేదని తర్వాత తేలింది. ఆయన నమ్మకమే ఆయనకి బలంలా తోచింది. అయినా ఆయన్ని గౌరవిస్తాను. ముందు తన ఒంటి మీదే చేసి చూశాడు, చేసింది దాచకుండా నలుగురి ముందు పెట్టాడు, మిగతావాళ్ళు తప్పని తేల్చగలిగారు. నేటి వ్యాపారంలో ఆ నిజాయితీ లేదు. వేలమంది ఒంటి మీద జరుగుతోంది, ఎవరికి ఏమయిందో రాసిపెట్టే పుస్తకం లేదు.

ఇంకో నష్టం కూడా ఉంది. నీరసంగా ఉందని వచ్చిన ఏభై ఏళ్ళ మనిషికి థైరాయిడ్ తక్కువ కావచ్చు, రక్తహీనత కావచ్చు, నిద్రలో ఊపిరి ఆగిపోతుండొచ్చు, పైకి చెప్పుకోలేని దిగులు కావచ్చు, ఎవరూ కొలవని షుగరు కావచ్చు. ప్రతిదానికీ పరీక్ష ఉంది, వైద్యం ఉంది. ఐజీఎఫ్-1 కాగితం ఒకటి చూపించి నీ సీసా చేతికిచ్చినప్పుడు ఆ అసలు జబ్బు ఇంకో ఏడాది దాక్కుంటుంది. పెద్దవాళ్ళలో నిజమైన గ్రోత్ హార్మోన్ లోపం ఉందో లేదో తేల్చడానికి ఎండోక్రైనాలజిస్టులు ప్రత్యేకంగా హార్మోన్‌ని రేపి కొలిచే పరీక్షలు చేస్తారు. వీడియో కాల్‌లో పది నిమిషాల మాటలతో అది తేలదు.

చివరి పొగడ్త నీకు పోటీగా ఉన్న వైద్యానికి. రడ్మన్ వ్యాసం రావడానికి కొద్ది వారాల ముందు, 1990 జూన్‌లో, మరో వైద్య పత్రిక జామాలో మారియా ఫియటరోన్ బృందం ఫలితాలు వచ్చాయి. బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ళున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకి బరువులు ఎత్తించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. నడక మెరుగుపడింది. అక్కడ పెరిగింది త్రాసు మీది అంకె కాదు, కుర్చీలోంచి లేచే బలం. ఆ ఏడాది నెల తిరగకుండా వచ్చిన ఈ రెండు వ్యాసాల్లో ఒకటి కోట్ల డాలర్ల వ్యాపారమైంది. రెండోది వృద్ధుల కాళ్ళలో నిజంగా బలం తెచ్చినా, దాన్ని సీసాలో పోసి అమ్మలేరు కనుక ఎవరూ ప్రకటన వేయలేదు.

గాఢనిద్రలో నీ సహాయం లేకుండానే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. బరువులెత్తినప్పుడూ విడుదలవుతుంది. రాత్రి త్వరగా తిని, త్వరగా పడుకుని, వారానికి రెండు మూడు రోజులు కండలకి పని చెప్పే మనిషికి నువ్వు చేసే పనిలో కొంత శరీరం తానే చేసుకుంటుంది, దానితోపాటు బలం కూడా ఇస్తుంది. నిద్రలేక, ఒళ్ళు కదల్చక గడిపే జీవితానికి నువ్వు హార్మోన్ అంకె ఇవ్వగలవు. బలం ఇవ్వలేవు. ఇది నీ లోపం కాదు, నిన్ను అందుకు పుట్టించలేదు.

ఓ సెర్మోరెలిన్, నీ మీద నా తీర్పు ఇది. ఎదగని బిడ్డకి నువ్వు వరమయ్యావు, పీయూష గ్రంథిని పరీక్షించే వైద్యుడికి నమ్మకమైన సాయమయ్యావు, ఇంకా జరగాల్సిన పరిశోధనలకి నువ్వు తగిన దానివి. వయసు మళ్ళిన ఆరోగ్యవంతుడికి నువ్వు రుజువు లేని ఖర్చువి. నీ గుణాలే నిన్ను అమ్ముతున్నవాళ్ళ దోషాల్ని చూపిస్తున్నాయి.

చదువుతున్నవాళ్ళకి ఒక విన్నపం. మీకోసమైనా, అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకోసమో వదినకోసమో అయినా, ఎవరైనా ఈ సూది రాసిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. నాకున్న జబ్బు పేరేమిటి? ఆ జబ్బుకి ఈ మందు అనుమతి పొందిందా? నా వయసువాళ్ళకి దీనివల్ల బలం పెరిగినట్టు ఏ పరీక్ష చూపింది? నా షుగరు, నా ఇంటి క్యాన్సర్ చరిత్ర చూసే రాశారా? జవాబులు సూటిగా రాకపోతే ఆ చీటీ పక్కన పెట్టి, మంచి ఎండోక్రైనాలజిస్టుని కలవండి. పీయూష గ్రంథి (పిట్యూటరీ) జబ్బుతో ఇప్పటికే వైద్యం తీసుకుంటున్నవాళ్ళు మాత్రం ఈ వ్యాసం చదివి మందు ఆపొద్దు, మీ వైద్యుడిని అడగండి. మిగిలినవాళ్ళు ఆ నెల డబ్బుతో ఒక జత డంబెల్స్ కొనుక్కోండి, రేపటి నుంచే ఎత్తడం మొదలుపెట్టండి.